బయటికి పోయే పాలు

మొయినాబాద్ నుంచి చిన్న మంగళారం పోయే దారిలో ఇప్పుడొక పెద్ద గేటు ఉంది. గేటు మీద ఇంగ్లీషులో ఏదో పూల పేరు, లోపల వరసగా తెల్ల విల్లాలు. ఆ దారిన పోయినప్పుడల్లా నా ముక్కుకు మాత్రం పచ్చి పాల వాసనే తగులుతుంది. పక్కన కూర్చున్న నా కొడుకు "ఇక్కడ ఏ వాసనా లేదు కదమ్మా" అంటాడు. వాడి ముక్కుకేం తెలుసు? ఆ గేటు ఉన్నచోటే, ఒక రేకుల షెడ్డులో, నా మొదటి ఉద్యోగం మొదలైంది. నేను కోరుకున్న ఉద్యోగం మాత్రం కాదది.

నాకు కావలసింది మాదాపూర్. అప్పట్లో మా చేవెళ్ల కాలేజీలో ఎవరిని కదిలించినా అదే ఊరు. మెహిదీపట్నంలో కంప్యూటర్ కోర్సు నేర్చుకోవాలి, మెడలో కార్డు వేసుకోవాలి, అద్దాల బిల్డింగులోకి టకటకా నడిచిపోవాలి. మా ఊరి మగపిల్లలు కొందరు ఆ బిల్డింగులకు పోయారు కూడా, గార్డులుగానో క్యాబు డ్రైవర్లుగానో. చిలుకూరు గుడిలో వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్లను చూసి నేను లెక్కలు వేసేదాన్ని. "వీళ్లంత ఇమానమెక్కి పోతే కుర్చీలు ఖాళీ అయితయి. నాకొకటి దొరుకుతదే అవ్వా" అని మా అవ్వతో అనేదాన్ని. అవ్వ అంటే మా కన్నతల్లే. మా దిక్కు అట్లాగే పిలుస్తాం.

"కుర్చీ సంగతి తర్వాత. ముందుగాల బర్రెకు కుడితి పెట్టు" అనేది అవ్వ.

నేను కుర్చీ కోసం చూస్తున్న ఆ రోజుల్లోనే, కుర్చీ వదిలేసి ఒకాయన మా ఊరికి వచ్చాడు. చిన్న కిరాయి గదిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టి, దాన్ని అద్దాల బిల్డింగు దాకా తెచ్చిన మనిషి. పేపర్లలో ఫొటోలు పడ్డ మనిషి. నలభై దాటగానే కంపెనీ పెద్దరికం వదిలేశాడు. తానే దిగానని ఆయన చెప్పాడు, దింపేశారని పేపర్లు రాశాయి. మా ఊళ్లో మాత్రం "పాపం, పెద్దమనిషికి నౌకరీ పోయిందంట" అనుకున్నారు. ఊరి చివర భూమి కొని, చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉండసాగాడు. భార్య సిటీ నుంచి ఆదివారాలు వచ్చి, దోమలను తిట్టి వెళ్లేది. ఊరంతా ఆయనను సార్ అనేది.

కాలూ చేయీ ఊరుకునే మనిషి కాదు. ముందు ప్లాస్టిక్ పందిళ్లు వేసి గులాబీలు పెట్టాడు. పూలు బాగానే పూశాయి కానీ, ఎండాకాలం గాలిదుమారానికి ఆ పందిరి లేచిపోయి సురంగల్‌లో పడింది. అక్కడొక రైతు దాన్ని తన గడ్డివాముకు కప్పుకున్నాడు. అడగడానికి పోయిన సార్‌కు చాయ్ పోసి, గడ్డివాము ఎంత బాగుందో చూపించి పంపించాడు. ఆ తర్వాత కూరగాయలను కంప్యూటర్‌లో బొమ్మలు పెట్టి అమ్ముతానన్నాడు. మొదటి ఆర్డరు వచ్చిన రోజు ఊరంతా లడ్డూలు పంచాడు. తీరా చూస్తే ఆ ఆర్డరు ఆయన భార్యదే. మా బాపు అయితే "ఈయన కంపెనీ ఎట్ల నడిపిండో ఏమో" అని ముక్కున వేలేసుకున్నాడు.

మూడోది పాలు. ఊళ్లో ఆడవాళ్ల దగ్గర పాలు కొని, చల్లబరిచి, గాజు సీసాల్లో పోసి, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లకు తెల్లవారేసరికి చేర్చడం. సీసా మీద ఒకటే మాట అచ్చు వేయించాడు: "చుక్క నీరు కలపని పాలు." అంతకుముందు మా పాలను శంకర్‌పల్లి నుంచి టెంపోలో వచ్చే ఒక వ్యాపారి తీసుకుపోయేవాడు. వాడు పాలల్లో వేలు ముంచి, నాలుక్కి రాసుకుని, ఎవరి పాలైనా సరే "పలుచగున్నయి" అనేవాడు. వాడి వేలు మురికి చూసి మా అవ్వ కడుపు మండిపోయేది. అందుకే సార్ షెడ్డు తెరవగానే ఆడవాళ్లంతా అక్కడికే వచ్చారు. మొదటి రోజు సార్ అందరినీ కూర్చోబెట్టి "నీళ్లు కలపరు కదా?" అని అడిగాడు. పోచమ్మ తల్లి మీద ఒట్టేసి, కలపమన్నారు. మా అవ్వ అందరికంటే గట్టిగా అన్నది.

పాలు తూచి కంప్యూటర్‌లో ఎక్కించే పనికి మనిషి కావాలంటే నేను పోయాను. సార్ నా సర్టిఫికెట్ పక్కన పెట్టి "పాలు పిండటం వచ్చా?" అని అడిగాడు.

"రాకుంటే మా అవ్వ నన్ను ఇంట్ల ఉండనిస్తదా సార్?" అన్నాను. నవ్వి ఉద్యోగం ఇచ్చాడు. నాకు నవ్వు రాలేదు. బర్రెల నుంచి తప్పించుకుందామని డిగ్రీ చదివితే, మళ్లీ బర్రెల దగ్గరికే వచ్చి పడ్డాను.

కానీ ఆ రోజులే ఇప్పుడు కావాలనిపిస్తాయి. మబ్బుల, అంటే ఇంకా చీకటి ఉండగానే లేచి, చలికి కొంగు చెవుల చుట్టూ కప్పుకుని, సర్వలూ క్యానులూ మోసుకుంటూ ఆడవాళ్లు వచ్చేవాళ్లు. సర్వ అంటే మూతి వెడల్పు ఉన్న బిందె లాంటిది. పాలు కొలిచేలోగా ఊరి ముచ్చట్లన్నీ అయిపోయేవి. సార్ ఒక మూల స్టూలు మీద కూర్చుని వినేవాడు. ఏమీ అర్థం కాకపోయినా వాళ్లు నవ్వినప్పుడల్లా తనూ నవ్వేవాడు. ఆడవాళ్లు మాత్రం ఆయన వైపు తిరిగి మాట్లాడేవాళ్లు కాదు. ఆయన లేవగానే కొంగులు సర్దుకుని పక్కకు జరిగేవాళ్లు. ఎంత మంచివాడైనా సార్ సారే కదా.

ఒకరోజు సీసాలు చూపించడానికి తన పాత కంపెనీకి నన్ను వెంట తీసుకుపోయాడు. అక్కడ క్యాంటీన్‌కు పాలు పోయాలని ఆయన ఆశ. నేను కలలుగన్న అద్దాల బిల్డింగు అదే కాబట్టి ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకున్నాను. గేటు దగ్గర కొత్త గార్డు ఆపాడు. "ఎవరిని కలవాలె? ఎక్కడి నుంచి వచ్చిన్రు?" అని అడిగాడు. ఆ గేటు రంగు సార్ ఎంచుకున్నదేనట, దారిలో చెప్పాడు నాకు. ఆయన తన పేరు చెప్పాడు, ఊరు చిన్న మంగళారం అని చెప్పాడు. గార్డు ఇద్దరి మెడలోనూ 'విజిటర్' అని రాసిన కార్డులు వేశాడు. నేను మెడలో కార్డు పడాలని ఎన్ని మొక్కులు మొక్కానో! అది పడింది కానీ, పక్కన ఆయన ముఖం చూస్తే ఆ కార్డు తీసి అవతల పారేయాలనిపించింది. లోపల కొత్త పెద్దాయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, చూద్దాం లెండి అని పంపేశాడు. తిరిగి వచ్చేటప్పుడు కారు అప్పా జంక్షన్ దాటింది. అప్పుడు సార్ "మన షెడ్డుకు గేటు పెట్టొద్దమ్మా" అన్నాడు. అంతే.

తర్వాత కొన్నాళ్లకు కొత్త మిషన్ వచ్చింది. దాంట్లో కొంచెం పాలు పోస్తే వెన్న ఎంత, నీళ్లు ఎన్ని అని చిన్న అద్దం మీద చూపిస్తుంది. కంపెనీ నుంచి సార్ వెంట వచ్చేసిన మేనేజరు ఒకాయన ఉండేవాడు. మిషన్ తెచ్చింది ఆయనే. మంచివాడే కానీ, మిషన్ మాట తప్ప మనిషి మాట నమ్మేవాడు కాదు. మొదటి పొద్దున పరీక్ష చేస్తే ఒక క్యానులో నీళ్లు. రెండోదాంట్లో నీళ్లు. మా అవ్వ క్యానులోనూ నీళ్లే. షెడ్డుకు వచ్చినవాటిలో నీళ్లు లేని క్యాను ఒక్కటీ లేదు.

"అందరూ దొంగలే సార్" అన్నాడు మేనేజరు. "ఇక్కడ మూసేద్దాం. పెద్ద డెయిరీ ఫారం ఎక్కడైనా చూసి అక్కడ కొందాం."

సార్ స్టూలు మీద కూలబడ్డాడు. "సీసా మీద నా మాట ఉంది" అన్నాడు. "ఇంటింటికీ పోయి నేనే చెప్పాను. ఇది కూడా పోతే ఇంక నేను చేయగలిగింది ఏముంది?" షెడ్డు మూతపడితే ఆడవాళ్లకు మళ్లీ ఆ వేలు ముంచేవాడే దిక్కు. నాకు మళ్లీ మెహిదీపట్నం బస్సే దిక్కు. ఆయనకు మాత్రం పోవడానికి ఏ దిక్కూ లేదు.

సాయంత్రం అందరినీ పిలిచారు. నీళ్లు కలిపారని మేనేజరు చెప్పగానే షెడ్డు దద్దరిల్లిపోయింది. మా అవ్వ నడుముకు కొంగు బిగించి ముందుకు వచ్చింది.

"ఎవలయ్యా నీళ్లు కలిపింది? పోచమ్మ మీద ఒట్టేసినం. మా నోట్లె మన్ను పడ! ఎవలు కలిపిన్రో చెప్పు, ఇప్పుడే తేలుస్త."

"మీ పాలల్లోనే ఉన్నాయమ్మా."

"దిష్టికి ఏసిన చుక్క తప్ప నా పాలల్ల నీళ్ల బొట్టు ఉంటే నా పేరు మార్చుకుంట."

"ఏ చుక్క?" అన్నాడు సార్, తలెత్తి.

అప్పుడు నాకు తట్టింది, పట్టలేని నవ్వు వచ్చింది. రోజూ నా కళ్ల ముందే జరిగేది కదా. పాలు పిండినాక అవ్వ గోలెం దగ్గర, అంటే పశువులు నీళ్లు తాగే తొట్టి దగ్గర, ఆగుతుంది. అరచేతి పుడిసిలితో ఇన్ని నీళ్లు తీసి, నోట్లో ఏదో అనుకుని, పాలల్లో వేస్తుంది. అప్పుడే క్యాను గడప దాటుతుంది. అట్లా వేయకుండా పాలు బయటికి పంపితే దిష్టి తగిలి పొదుగు ఎండిపోతుందని మా వాళ్ల నమ్మకం. ఊరంతా అదే. దాన్ని నీళ్లు కలపడం అని నేను కూడా ఎప్పుడూ అనుకోలేదు. పసిపిల్ల బుగ్గన పెట్టే చుక్కను మసి పూయడం అంటామా? కాకపోతే ఊళ్లో పుడిసిళ్లన్నీ ఒక్క తీరుగా ఉండవు. మా పెద్దమ్మమ్మ అని మేము పిలిచే ముసలామె, మా బాపుకు పెద్దమ్మ, ఆమె పుడిసిలిలో చిన్న కుంటే పడుతుంది.

నేను వివరంగా చెబితే సార్ అంతా విన్నాడు. నవ్వలేదు. "ఇంట్లో పిల్లలకు ఇచ్చే పాలల్లో కూడా వేస్తారా?" అని అడిగాడు.

"ఇంట్ల తాగే పాలల్ల ఎవలన్న నీళ్లు ఏస్తరా?" అన్నది అవ్వ. "ఇంటోళ్ల దిష్టి ఇంటికి తగల్దు. బయటికి పోయే పాలకే ఏసుడు."

"అయితే సార్ బయటివాడా?" అన్నాడు మేనేజరు, ఉడుక్కుంటూ.

ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. చివరికి ముసలామె "బయటోడే గద బిడ్డా" అన్నది. కోపంతో కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నేను సార్ ముఖం చూశాను. ఆ రోజు గార్డు కార్డు వేసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"సరే, మీ నమ్మకం మీది" అన్నాడు ఆయన. "సీసా మీద మాట తప్పు కాబట్టి రేపటి పాలు తీసుకోను. ఏం చేయాలో ఆలోచిస్తాను." లేచి ఇంట్లోకి పోయాడు.

ఇంటికి వచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఒక్క చుక్క కోసం ఆ మనిషిని గంత మాట అంటారా అని అరిచాను. మాదాపూర్ గేటు సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. జొన్నరొట్టె చేస్తున్న అవ్వ చేయి ఆగిపోయింది.

"ఆయన కట్టిచ్చిన ఇంట్ల ఆయననే ఎవలని అడిగిన్రా?"

"అడిగిన్రు."

"ఆయనేమన్నడు?"

"ఊరు చిన్న మంగళారం అన్నడు."

అవ్వ కళ్లు తుడుచుకుంది. పొయ్యి పొగ అన్నది కానీ, మా పొయ్యి ఆ రోజు బాగానే మండుతున్నది.

తెల్లారి పాలు తీసుకోనని చెప్పినా అవ్వ క్యాను ఎత్తుకుని నా వెంట నడిచింది. దారిలో ఒక్కొక్క ఇంటి ముందు ఆగి పిలిస్తే ఆడవాళ్లంతా బయల్దేరారు. సార్ షెడ్డు ముందు ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"నాకు తోడబుట్టిన తమ్ముడు లేడు" అన్నది అవ్వ ఏ ముందుమాటా లేకుండా. "ఇయ్యాల్టి సంది నువ్వే. తమ్ముని ఇంటికి పాలు పోతే బయటికి పోయినట్టు గాదు. ఇగ చుక్కెందుకు?"

వరుస కలపడం అంటే మా దగ్గర చిన్న సంగతి కాదు. ఒక్క ఇంటితో కలిస్తే ఊరంతటితో కలిసినట్టే. మా మేనత్త వెంటనే వేళ్లు మడిచి చూసుకుంది. "అయ్యో, వదినె తమ్ముడంటే నాకు బావ అయితడు గద! ఏం బావా, గులాబీలు సురంగల్‌కు పంపినవు, నాకు ఒక్కటన్న ఇయ్యవైతివి?" అన్నది. షెడ్డంతా గొల్లున నవ్వింది. సార్ చెవులు ఎర్రబడ్డాయి. మేనేజరు ఏం జరుగుతున్నదో అర్థం కాక మిషన్ పట్టుకుని నిలబడ్డాడు. ముసలామె ఇంకా లెక్క వేస్తూనే ఉంది. వేసి వేసి తల పట్టుకుంది.

"నాకు అల్లుని వరుస పడె! అల్లుని చేతిల నీళ్ల పాలు పెడ్తే నా బతుకేం గాను?" అని తన సర్వ ఎత్తుకుని ఇంటి దారి పట్టింది. మళ్లీ పిండి తెస్తానని పోయింది కానీ, పిండిన బర్రె మళ్లీ ఎక్కడిస్తుంది? ఆ పూట ఆమె పాలు రాలేదు.

అవ్వ క్యానులో పాలు మిషన్‌లో పోశాము. నీళ్ల దగ్గర సున్నా చూపించింది. సార్ మిషన్ వైపు చూడలేదు. "అక్కా" అన్నాడు, ఆ మాట కొత్తగా నేర్చుకుంటున్న వాడిలా. ఆ తర్వాత ఏమనాలో తెలియక "చాయ్ తాగుతావా?" అన్నాడు. నేను మాత్రం సార్ అనే నోటితో మామ అనడానికి చాలా రోజులు తంటాలు పడ్డాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. బోనాలు అయిపోయి వానలు పట్టిన రోజుల్లో మా రెండు బర్రెల్లో పెద్దదానికి పొదుగు వాచింది. చెయ్యి పెట్టనివ్వలేదు, పాలల్లో నెత్తురు కనిపించింది. అప్పటిదాకా నవ్విన ఊరు గుసగుసలు మొదలుపెట్టింది. చుక్క మానిండ్రు, చూసిన్రా అన్నారు. సాయంత్రానికి ఆడవాళ్లంతా మా బర్రెల కొట్టం ముందు చేరారు. రేపటి నుంచి అందరి చేతులూ మళ్లీ గోలెం దిక్కే పోతాయని నాకు తెలిసిపోయింది.

మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేవెళ్ల పశువుల దవాఖాన నుంచి డాక్టరును కారులో ఎక్కించుకుని తెచ్చాడు. డాక్టరు సూది వేసి, వానాకాలం బురదకు వచ్చే వాపే, తగ్గుతుందన్నాడు. ఆయన మాట ఎవరికి కావాలి? అందరి చూపూ అవ్వ మీదే ఉంది. ఆ నమ్మకం ఊళ్లో అందరికంటే ఎక్కువ ఉన్నది మా అవ్వకే. తుమ్మితే ఆగే మనిషి, పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే మనిషి. బర్రె మెడ మీద చెయ్యి వేసి ఏడుస్తూ కూర్చుంది. ఆ బర్రెను పెయ్యగా ఉన్నప్పుడు తన పుట్టింటి నుంచి తోలుకొచ్చుకుంది.

మామ బురదలోనే ఆమె ముందు కూర్చున్నాడు. "నా వల్లనే అయిందా అక్కా?" అన్నాడు. "రేపటి నుంచి నీళ్లు వేసే తీసుకురా. సీసా మీద మాట తీసేస్తాను. షెడ్డు మూసేయమన్నా మూసేస్తాను. నీ బర్రె కంటే ఎక్కువేం కాదది."

అవ్వ లేచి బర్రె ముందు ఇంత గడ్డి వేసింది.

తెల్లారి రెండో బర్రెను పిండింది. నేను గుంజకు ఆనుకుని చూస్తున్నాను. గోడ అవతల పెద్దమ్మమ్మ, మేనత్త, ఇంకా ఎవరెవరో నిలబడి ఉన్నారు. అవ్వ క్యాను ఎత్తుకుని గోలెం దాకా వచ్చి ఆగింది. ఆమె భయం నాకు కనిపిస్తూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి, కుడిచేయి నీళ్ల దాకా పోయింది. తడి కాకుండానే వెనక్కి వచ్చింది. ఆ చేత్తో కొంగు సర్దుకుని, గడప దాటి, ఎవరినీ చూడకుండా షెడ్డు దాకా నడిచింది.

క్యాను మూత తీసి చూసి మామ బిత్తరపోయాడు. "అక్కా, నీళ్లు వేయమని చెప్పాను కదా!"

"పొదుగు వాస్తే సూది ఏపిస్త. బర్రె పోతే ఇంకోటి కొనుక్కుంట" అన్నది అవ్వ. "నా తమ్మున్ని రెండోసారి బయటోన్ని జెయ్య. మూత పెట్టురా, ఈగలు వాల్తయి."